మా ఊరి చెరువులో వల పట్టిన ఏడాది

మత్స్య పారిశ్రామిక సహకార సంఘంలో సభ్యత్వం కావాలంటే దరఖాస్తు ఇచ్చి రుసుము కడితే సరిపోదు. చేపలు పట్టే పని వచ్చునని నీళ్ల దగ్గర చేసి చూపించాలి. మత్స్యశాఖ వారు దీనిని నైపుణ్య పరీక్ష అంటారు. నల్లగొండ జిల్లాలోని మా ఊరి సంఘంలో మా బాపు చాలాకాలం సభ్యుడిగా ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో ఆయన నీళ్లలోకి దిగడం మానుకున్న తరువాత నేను సంఘంలో చేరాలని ఇంట్లో అనుకున్నాము. చిన్నప్పటి నుంచి చెరువు కట్ట మీద తిరిగినవాడినే గాని, సెలవు రోజున ఎర్రను గుచ్చి గాలంతో పరకలను, జెల్లలను పట్టడం వేరు, బతుకుదెరువు కోసం వల పట్టడం వేరు. ఆ పరీక్షకు తయారైన నాటి నుంచి మరుసటి వేసవిలో చెరువు పట్టుబడి ముగిసేదాకా నేను చేసిన పనిని, అందులో తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చెరువును గురించి చెప్పాలి, ఎందుకంటే ఏ చెరువులో ఏ వల పని చేస్తుందో ఆ చెరువు అడుగే నిర్ణయిస్తుంది. మా జిల్లాలో పానగల్లు ఉదయ సముద్రం వంటి పెద్ద చెరువు కందూరు చోడుల కాలం నాటిది. నేడు అది పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే సాగర్ నీటిని అందుకుంటున్నది. మాది అంతటి చెరువు కాదు. పైనున్న కుంటలు మత్తడి (అలుగు) పోస్తే నిండే చిన్న గొలుసుకట్టు చెరువు. మంచి వానలు పడితే వేసవి దాకా నీళ్లుంటాయి, లేకపోతే సంక్రాంతి దాటగానే శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు. ఆ మట్టిని రైతులు ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్నారు. జేసీబీ తవ్విన చోట ఏర్పడిన గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. ఎండాకాలంలో చేప చేరేది అక్కడికే. శిఖంలో కొట్టివేసిన తుమ్మ చెట్ల మోడులు మాత్రం నీటి అడుగున అలాగే మిగిలిపోయాయి. వల వేసేవాడికి ఈ గుంతలూ మోడులూ ఎక్కడున్నాయో తెలియకపోతే, వల చిరగడమో ఖాళీగా రావడమో తప్పదు.

నాకు పని నేర్పినవారు మా పెద్దబాపు. ఆయన మొదట నా చేతికి వల ఇవ్వలేదు, అల్లిక ఇచ్చారు. చిరిగిన పాత విసురు వలను ఇంటి ముందు గుంజకు కట్టి, వెదురు సూదికి నైలాను దారం చుట్టి, కన్ను (వల రంధ్రం) కొలతకు ఒక చెక్క ముక్క పెట్టి, తెగిన కన్నులను ఒక్కొక్కటిగా కలపమన్నారు. ముడి వదులైతే కన్ను సాగుతుంది, సాగిన కన్నులో చేప తల ఇరుక్కొని వల మళ్లీ అక్కడే తెగుతుంది. ఈ పని చేస్తున్నప్పుడే విసురు వల కట్టుబడి అంతా నాకు అర్థమైంది. పైన కొస దగ్గర కన్నులు తక్కువగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ వరుస వరుసకు కొన్ని కన్నులు పెంచుతూ పోవడం వల్లనే పరిచినప్పుడు వల గుండ్రంగా వస్తుంది. అంచు పొడవునా సీసపు గుండ్లు ఉంటాయి. ఆ అంచును లోపలికి మడిచి అక్కడక్కడ కట్టి ఉంచుతారు. అలా ఏర్పడిన సంచుల్లోనే చేప చిక్కుతుంది. వల చేపను గుండ్రంగా మూసివేస్తుందే గాని పట్టేది ఆ సంచులే. అందుకని వల పడిన వెంటనే గుంజినవాడికి చేప దొరకదు. గుండ్లు అడుగును తాకేదాకా ఆగి, తాడును మెల్లగా, తెంపు లేకుండా లాగితే, అంచు నేలను రాసుకుంటూ దగ్గరికి చేరి చేపను సంచిలోకి తోస్తుంది.

విసరడం నేలమీదనే నేర్చుకున్నాను. తాడు కొసను ఎడమ మణికట్టుకు తగిలించుకోవాలి. తాడు చుట్టలనూ వల పై భాగాన్నీ ఎడమ చేతిలోనే పట్టుకొని, అంచులో ఒక భాగాన్ని ఎడమ మోచేతి మీద వేసుకోవాలి. మిగిలిన అంచులో సగాన్ని కుడి చేతిలోకి తీసుకొని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడాలి. నేను ఎంత బలంగా విసిరినా వల ముద్దగా పడుతుంటే పెద్దబాపు ఒక్కటే మాట అన్నారు: "చేతుల బలం కాదు బిడ్డా, నడుము తిరగాలె. నువ్వు తిరిగి ఇడిసిపెడితే వల దానంతట అదే ఇచ్చుకుంటది." ఆ మాటలో ఉన్నది గుండ్ల బరువు సంగతి. నడుము తిరిగినప్పుడు గుండ్లు బయటికి లాగుతాయి. మోచేతి మీది భాగం చివరకు జారాలి. అది ముందే జారితే వల ఒక పక్కకు విచ్చుకొని అర్ధచంద్రాకారంగా పడుతుంది. అరుగు ముందు దుమ్ములో గుండ్ల గుర్తులు నిండు వలయంగా పడేదాకా నన్ను నీళ్ల దగ్గరికి తీసుకుపోలేదు.

నైపుణ్య పరీక్ష మా మండలంలోనే మరొక ఊరి చెరువు దగ్గర జరిగింది. వయసు, ఊరు, కులం ధ్రువపత్రాలు చూసిన తరువాత ఈత కొట్టించారు, విసురు వల వేయించారు, చిరిగిన వల ముక్క ఇచ్చి అల్లమన్నారు, చేపలను చూపించి పేర్లు అడిగారు. నాతోపాటు వచ్చినవారిలో పట్నంలో పని చేసి తిరిగి వచ్చిన యువకులు చాలామంది ఉన్నారు. వారిలో కొందరికి ఈత బాగా వచ్చు గాని వల ఎన్నడూ పట్టుకోలేదు. నా వంతు వచ్చినప్పుడు వల నిండుగా పడింది, నాలుగు పరకలూ వచ్చాయి. కొంతకాలానికి జాబితాలో పేరు వచ్చింది, వాటా ధనం కట్టి సభ్యుడినయ్యాను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ఉన్న ప్రమాద బీమాకు కూడా అప్పుడే కాగితాలు ఇచ్చాను. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా అందులో 5 లక్షల రూపాయలు వస్తాయి. గుంతలున్న చెరువులో పని చేసేవారు ఈ కాగితాలను వాయిదా వేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పరీక్ష మనిషి చేతిని చూస్తుంది. చెరువు తెలిసినదీ లేనిదీ అందులో తెలియదు. ఆ చదువు చేప పిల్లలను వదిలిన రోజున మొదలైంది.

తెలంగాణలో 2016-17 నుంచి పూర్తి రాయితీ మీద చెరువులకు చేప పిల్లలను ఇస్తున్నారు. ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను, మా చెరువు వంటి వాటికి 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను వదులుతారు. మాకు వచ్చినవి బొచ్చె, రోహు, బంగారు తీగ. వీటిని ఏటా ఎందుకు తెచ్చుకోవాలని నేను పెద్దబాపును అడిగితే, బొచ్చె చెరువులో గుడ్లు పెట్టదని, ఏటి వరద కావాలని చెప్పారు. అది నిజం. బొచ్చె, రోహు, మృగాల చేపలు వానాకాలపు పారే నీటిలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన నీటిలో పెట్టవు. ఒకప్పుడు నదులలో వలలు కట్టి పిల్లలను సేకరించవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌదరి పీయూష గ్రంథి రసాన్ని ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. జూలై 10ని జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుకొనేది అందుకే. ఆ పని జరగకపోతే మా వంటి మారుమూల చెరువులకు సీడు, అంటే చేప పిల్లలు, చేరే మార్గమే లేదు. బంగారు తీగ మాత్రం నిలిచిన నీటిలోనే నాచుకు, గడ్డికి గుడ్లను అంటించి పెడుతుంది.

పిల్లలు ఆక్సిజన్ నింపిన పాలిథిన్ కవర్లలో తెల్లవారుజామున వచ్చాయి. సభ్యులందరి ముందు కొన్ని కవర్లను విప్పి, చిన్న గిన్నెతో తోడి పిల్లలను లెక్కపెట్టి, దానిని బట్టి మొత్తం అంచనా కట్టారు. బండి నుంచి దించగానే కవరు కోసి నీళ్లలో గుమ్మరిస్తే పిల్లలు తట్టుకోలేవు. మూతి కట్టిన కవర్లను పదిహేను, ఇరవై నిమిషాలు చెరువులో తేల్చి ఉంచాము. లోపలి నీటి వేడి, బయటి నీటి వేడి ఒక్కటయ్యాక మూతి విప్పి, దోసిలితో కొద్దికొద్దిగా చెరువు నీటిని కవరులోకి పోస్తూ, చివరికి కవరును పక్కకు వంచి పట్టుకున్నాము. వేలి పొడవు కూడా లేని పిల్లలు గుంపుగా కవరు మూతి దాకా వచ్చి ఆగి, వాటంతట అవే వరుసగా ఈదిపోయాయి. నా చేతిలోని కవరులో నాలుగైదు పిల్లలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వాటిని ఏరి పక్కన వేశాను. ఎండ ఎక్కకముందే పని ముగించాము. అంతకుముందు కొన్ని రోజులు కట్టుడు వలలు వేసి, కొర్రమట్టలను, వాలుగలను, మార్పు చేపలను వీలైనంత వరకు తీసేశాము. అవి ఉన్న నీటిలో చిన్న పిల్లలను వదిలితే ఎన్ని మిగులుతాయో చెప్పలేము. నీటికాకులను మాత్రం ఎవరూ ఆపలేరు.

మేము చేపలకు దాణా వేయలేదు. వేసవిలో ఎండిన శిఖంలో పశువులు మేసి వేసిన పేడ, కొత్త నీరు వచ్చాక కరిగి నీటికి ఆకుపచ్చ రంగు తెస్తుంది. ఆ రంగులోని సూక్ష్మజీవులే చేప పిల్లలకు తిండి. నీటి రంగు చూసి మేత ఉన్నదో లేదో చెప్పడం పెద్దబాపుకు అలవాటు. మోచేతి దాకా చేయి ముంచి, వేళ్లు ఎక్కడ కనిపించకుండా పోతాయో చూసేవారు.

ఆ ఏడాది పెద్ద వానలకు మత్తడి దుంకింది. ఊరంతా సంబరపడే రోజది, కాని మత్స్యకారులకు నిద్ర ఉండదు. మత్తడి మీద నీరు పోతే చేప పిల్లలు కింది చెరువుకు పోతాయి. వెదురు తడికలు, వలతో మత్తడికి అడ్డంగా జాలి కడతారు. దానికి చెత్త, తుమ్మ కొమ్మలు, నాచు తట్టుకొని నీరు ఆగితే కట్టకే ప్రమాదం. అందువల్ల రాత్రంతా వంతులవారీగా టార్చి లైట్లు పట్టుకొని చెత్తను తీయవలసి వచ్చింది. చేప కోసం కట్టను ముప్పులో పెట్టకూడదన్నది మా సంఘంలో అందరూ ఒప్పుకున్న నియమం. నీటి ఒరవడి బాగా పెరిగినప్పుడు మేమే రెండు తడికలను తొలగించాము. కొంత చేప పోయింది. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. పై కుంటల నుంచి వచ్చే వరద కాలువలో అదే సమయంలో చేపలు ఎదురెక్కుతాయి. ఊరివారు అక్కడ బుట్టలు పెట్టి పరకలు పట్టుకుంటే సంఘం అభ్యంతరం చెప్పదు.

వానలు తగ్గాక చెరువును చూడడం నేర్చుకున్నాను. ఉదయం కట్ట మీద కూర్చొని పెద్దబాపు చూపించిన గుర్తులు నాకు వలకంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. బొచ్చె పైమట్టపు చేప, దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. గాలి ఏ ఒడ్డుకు కొడుతుందో ఆ ఒడ్డుకు మేత చేరుతుంది గనుక బొచ్చె అక్కడ తిరుగుతుంది. రోహు నడిమి నీటిలో ఉండి మునిగిన గడ్డి కాడలను గీరుతుంది. గాలి లేకుండా గడ్డి కొసలు కదిలితే అది రోహు. బంగారు తీగ బురదను తవ్వుతుంది. సన్నని బుడగలు వరుసగా పైకి వచ్చి, ఆ చోట నీరు మట్టి రంగుకు తిరిగితే, వల వేయవలసింది బుడగల మీద కాదు, అవి సాగుతున్న వైపు మూరెడు ముందుకు.

కొర్రమట్టను గురించి విడిగా చెప్పాలి. అది మన రాష్ట్ర చేప, నీటిపైకి వచ్చి గాలి పీల్చే చేప. ఎంత తీసేసినా మా చెరువులో తూము దగ్గరి గడ్డిలో ఉంటుంది. ఒక రోజు గడ్డి అంచున నీటిపైన అరచేతి వెడల్పున ఎర్రని మచ్చ కదులుతూ కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే అది వందల పిల్లల గుంపు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతూ ఉంటే, వాటి కింద నల్లని వీపు మెల్లగా తిరుగుతూ కనిపించింది. కొర్రమట్ట తన పిల్లలు పెరిగేదాకా వాటిని కాచుకొని ఉంటుంది. ఆ సమయంలో గాలానికి బతికిన కప్పను గుచ్చి పిల్లల గుంపు మీదుగా లాగితే, ఆకలి లేకపోయినా పిల్లల రక్షణ కోసం అది కప్పను కొడుతుంది. అందుకే ఆ రోజుల్లో దానిని పట్టడం తేలిక. నా చేతిలో వల ఉన్నది. "పిల్లల తల్లిని పట్టొద్దు, ఆ పిల్లలన్నీ జెల్లల పాలయితయి" అని పెద్దబాపు నన్ను పక్కకు తీసుకుపోయారు. కొర్రమట్ట మా సీడును తింటుందని తెలిసి కూడా ఆయన ఆ మాట అన్నారు. మార్కెట్లో అన్నిటికంటే ఎక్కువ ధర పలికే చేపను ఆ కొద్ది రోజులైనా వదిలేయాలన్నది నాకు కూడా న్యాయంగానే తోచింది.

యాసంగి వరికి తూము ఎత్తిన తరువాత నీరు త్వరగా తగ్గింది. రైతుకు పొలం తడవాలి, మాకు చేప పెరిగే కాలం కావాలి. రెండు పక్కలా మన ఊరివారే, కొన్ని ఇళ్లలో ఇద్దరూ అన్నదమ్ములే. కూర్చొని మాట్లాడుకొని, కట్ట రాతి మీద ఒక గుర్తు పెట్టుకొని, అంతకు కిందికి నీరు దిగితే తూము మూసివేయాలని నిర్ణయించుకున్నాము. ఆ ఒప్పందం నిలబడింది. అయినా మే నెలలో మబ్బు పట్టిన ఒక రాత్రి తరువాత తెల్లవారుజామున చేపలు గుంతల దగ్గర నోళ్లు తెరుచుకొని పైన తేలుతున్నాయని కబురు వచ్చింది. ఎండ ఉన్నప్పుడు నీటిలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి అదే నాచు దానిని వాడుకుంటుంది. అందుకని తెల్లవారే ముందు నీటిలో ప్రాణవాయువు అన్ని వేళలకంటే తక్కువగా ఉంటుంది. నీరు తక్కువై చేప ఎక్కువైన చెరువులో మబ్బు తోడైతే చేప చచ్చిపోతుంది. ఆ పూటే విసురు వలలతో దొరికినంత పట్టి గుంతల్లో రద్దీ తగ్గించాము. అప్పటికి బొచ్చెలు ముప్పావు కిలో దాటాయి.

అసలు పట్టుబడిని మృగశిర కార్తెకు ముందు పెట్టుకున్నాము. జూన్ 7, 8 తేదీలలో కార్తె ప్రవేశించే రోజున చేప తినని ఇల్లు మా దిక్కున అరుదు, ఆ రోజున ధర కూడా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం థర్మోకోల్ తెప్పల మీద కూర్చొని కట్టుడు వలలు వేశాము. తెల్లవారి పెద్ద లాగుడు వలను రెండు దిక్కుల నుంచి ఒడ్డుకు తెచ్చాము. ఈ వలలో ఒక్కొక్క చేప తప్పించుకొనే తీరు ఒక్కొక్కటి. రోహు పై తాడు మీదుగా దుంకుతుంది, బంగారు తీగ బురదలో తల దూర్చి కింది తాడు కింద నుంచి జారిపోతుంది. అందుకని కొందరు పై తాడును నీటిపైకి ఎత్తి పట్టుకోవాలి, కొందరు కింది తాడును కాళ్లతో తొక్కుతూ నడవాలి. కొత్తవాడిని గనుక నన్ను కింది తాడు మీద పెట్టారు. మోకాలి లోతు బురదలో, మోడుల మధ్య కాలితో తాడును వెతుక్కుంటూ నడవడం వల విసరడంకంటే కష్టమైన పని. కాలి కింద చేప కొట్టుకోవడం తెలుస్తుంది, వంగి పట్టుకుంటే తాడు లేస్తుంది. దానిని అలాగే వదిలి ముందుకు నడవాలి.

వల ఒడ్డుకు చేరాక కట్ట మీద కాంటా పెట్టాము. ఊరివారికి ముందు, ఐసు పెట్టెలతో ఆటోల్లో వచ్చిన వ్యాపారులకు తరువాత తూచాలన్నది సంఘం పాత కట్టుబాటు. మా పెద్దమ్మ, మరికొందరు ఆడవాళ్లు కత్తిపీటలు వేసుకొని కూర్చున్నారు. కొర్రమట్ట చేతిలో నిలవదు గనుక పొయ్యి బూడిద అద్ది, తలను కాలి కింద పెట్టి, పొలుసు తీసి, వేలు దూర్చి కడుపు శుభ్రం చేసి, ముక్కలు చేసి ఇచ్చేదాకా పెద్దమ్మకు ఎంతో సేపు పట్టలేదు. సాయంత్రం లెక్క చూసి, జాలి ఖర్చు, వలల ఖర్చు, కావలి కూలి తీసి, సంఘానికి కొంత ఉంచి, మిగిలినది సమానంగా పంచారు. నా వంతుకు వచ్చిన డబ్బులో మొదట వల కోసం చేసిన అప్పు తీర్చాను. అర కిలో కంటే తక్కువ ఉన్న చేపలను గుంతల్లోనే వదిలాము.

ఆ పట్టుబడి తరువాత జరిగిన సమావేశంలో రెండు నిర్ణయాలు తీసుకున్నాము. కృష్ణా తీరంలో నిషేధం ఉన్నా కొందరు వాడుతున్న అలివి వలల వంటి సన్న కన్ను వలలను మా చెరువులోకి ఎవరినీ తేనివ్వకూడదన్నది మొదటిది. మత్తడి జాలికి వెదురు తడికల బదులు, చెత్తను సులువుగా ఎత్తివేసేటట్లు విడి విడి చట్రాలు చేయించాలన్నది రెండవది. ఆ చట్రాల కొలతలు తీసే పని నాకు అప్పగించారు. వానలు పడకముందే మత్తడి పొడవు కొలిచి, నకిరేకల్‌లో వెల్డింగు పని చేసే ఒకరి దగ్గర ధర మాట్లాడి వచ్చాను.